టెన్నిస్ సరిగ్గా నేర్చుకోవడం: మొదటి రాకెట్ నుంచి మొదటి మ్యాచ్ దాకా

"ఫోర్‌హ్యాండ్ ఎప్పుడూ నెట్‌కే పోతోంది, ఏం చేయాలి?" "సర్వ్ పడటం లేదు, తప్పు టాస్‌లో ఉందా, చేతిలో ఉందా?" "ఏడాదిగా ఆడుతున్నా, ఉన్నచోటే ఉన్నాను." నన్ను అడిగే ప్రశ్నలు ఎక్కువగా ఈ మూడింటి చుట్టూనే తిరుగుతాయి. (ఫోర్‌హ్యాండ్ అంటే రాకెట్ పట్టిన చేతి వైపు నుంచి కొట్టే షాట్. సర్వ్ అంటే పాయింటు మొదలుపెట్టే షాట్, టాస్ అంటే దానికోసం బంతిని పైకి వేయడం.) ఒక్కొక్కరికీ ముక్కలుగా చెప్పే బదులు అంతా ఒక వరసలో రాస్తున్నాను.

ముందుగా ఒక మాట. బంతి రాకెట్ స్ట్రింగ్స్‌కు తగిలి ఉండేది సుమారు 4, 5 మిల్లీసెకన్లే. ఆ కాస్తలో మనం దిద్దగలిగేది ఏమీ ఉండదు. కాళ్లు ఎక్కడున్నాయి, భుజాలు ఎప్పుడు తిరిగాయి, రాకెట్ ముఖం ఎటు చూస్తోంది అనే వాటిని బట్టి బంతి ఎటు పోవాలో అప్పటికే తేలిపోయి ఉంటుంది. అందుకే ఎవరి షాటైనా చెడితే నేను చేతిని చూడను. దానికి ఒక్క సెకను ముందు ఏం జరిగిందో చూస్తాను. కింద రాసినదంతా ఆ సెకనును సర్దుకోవడం గురించే.

కుడిచేతివాళ్లను దృష్టిలో పెట్టుకుని రాశాను. ఎడమచేతివాళ్లు కుడి ఎడమలు మార్చుకుని చదవండి.

1. కోర్టుకు వెళ్లేముందు: రాకెట్, బంతి, బూట్లు

పెద్దవాళ్ల రాకెట్ పొడవు మామూలుగా 27 అంగుళాలు. మొదటి రాకెట్‌కు తల 100 నుంచి 105 చదరపు అంగుళాలు, స్ట్రింగ్స్ లేకుండా బరువు 265 నుంచి 285 గ్రాములు ఉంటే సరిపోతుంది. మరీ తేలికైనది చేతికి హాయిగా అనిపిస్తుంది గానీ, వేగంగా వచ్చిన బంతికి అదిరిపోతుంది. ఆ అదురంతా మోచేతికి చేరుతుంది. అభిమాన ఆటగాడు వాడుతున్నాడని బరువైన, చిన్న తల రాకెట్ కొనడం కూడా పొరపాటే.

పిడి లావు చూసుకోవడానికి సులువైన పద్ధతి ఉంది. రాకెట్ పట్టుకున్నాక, వేళ్ల కొసలకూ అరచేతి మడతకూ మధ్య ఉన్న సందులో రెండో చేతి చూపుడు వేలు సరిగ్గా పట్టాలి. వేలు దూరకపోతే పిడి సన్నం, వేలు పెట్టినా ఇంకా ఖాళీ ఉంటే లావు. రెండింటి మధ్య ఊగిసలాడుతుంటే సన్నదే తీసుకోండి. ఓవర్‌గ్రిప్ చుట్టి లావు చేసుకోవచ్చు, లావుదాన్ని సన్నం చేయడం కష్టం.

స్ట్రింగ్స్ విషయంలో కొత్తవాళ్లు పాలియెస్టర్ జోలికి వెళ్లకండి. అది గట్టిగా ఉంటుంది. బలంగా, వేగంగా చెయ్యి తిప్పేవాళ్లకే దానితో లాభం. మెత్తటి మల్టీఫిలమెంట్‌నో, సింథటిక్ గట్‌నో 50 పౌండ్ల దగ్గర బిగించుకోండి. తెగకపోయినా స్ట్రింగ్స్ సాగిపోతాయి. వారానికి ఎన్ని రోజులు ఆడతారో ఏడాదికి అన్నిసార్లు మార్చుకోవడం ఆటగాళ్లు పాటించే లెక్క.

బంతి దగ్గరే చాలామంది పెద్దవాళ్లు తప్పు చేస్తారు. నెమ్మది బంతుల్లో మూడు రకాలున్నాయి. మామూలు పసుపు బంతి కంటే ఎరుపుది 75 శాతం, ఆరెంజ్‌ది 50 శాతం, ఆకుపచ్చ చుక్కది 25 శాతం నెమ్మది. ఇవి పిల్లలవని పెద్దవాళ్లు ముట్టుకోరు. నా మాట వినండి, మొదటి మూడు వారాలు ఆరెంజ్, తర్వాత ఒక నెల ఆకుపచ్చ బంతితో ఆడండి. బంతి నెమ్మదిగా వస్తే ఆ ఒక్క సెకను రెండు సెకన్లవుతుంది, చేసే పని సరిగ్గా చేయడం అలవాటవుతుంది. మొదటి రోజే పసుపు బంతితో మొదలుపెట్టినవాళ్లు బంతిని ఎలాగోలా తోసెయ్యడం నేర్చుకుంటారు. తర్వాత దాన్ని మాన్పించడానికే నెలలు పడుతుంది.

బూట్లు: పరుగు బూట్లు వద్దు. వాటి మడమ ఎత్తుగా, మెత్తగా ఉంటుంది. ముందుకు పరిగెత్తడానికి బాగుంటాయి, పక్కకు అడుగేసి ఆగితే చీలమండ మడత పడుతుంది. టెన్నిస్‌లో ఎక్కువగా కదిలేది పక్కలకే.

సంచిలో ఉండాల్సినవి:
- రాకెట్, ఒక ఓవర్‌గ్రిప్ అదనంగా
- మీ స్థాయికి తగిన బంతులు, సర్వ్ ప్రాక్టీసుకు కనీసం పది
- టెన్నిస్ బూట్లు, మందపాటి సాక్సులు
- నీళ్లు, తువ్వాలు
- ఫోన్, దాన్ని నిలబెట్టే చిన్న స్టాండ్ (ఎందుకో 4వ భాగంలో చెబుతాను)

2. కోర్టు కొలతలు నేర్పే పాఠం

కోర్టు పొడవు 23.77 మీటర్లు, సింగిల్స్ వెడల్పు 8.23 మీటర్లు. నెట్ ఎత్తు స్తంభాల దగ్గర 1.07 మీటర్లు, నడుమ 0.914 మీటర్లు. ఈ అంకెల్లోనే మొదటి వ్యూహం ఉంది.

మూల నుంచి ఎదుటి మూలకు, అంటే క్రాస్‌కోర్ట్ కొడితే బంతి నెట్ తక్కువ ఎత్తు ఉన్నచోట దాటుతుంది. పైగా ఆ దారి తిన్నటి దారి కంటే దాదాపు 1.4 మీటర్లు పొడవు. నెట్ తక్కువ, చోటు ఎక్కువ. కాబట్టి ఎటు కొట్టాలో తోచనప్పుడల్లా క్రాస్‌కోర్ట్ కొట్టండి.

రెండో పాఠం: బేస్‌లైన్ (కోర్టు చివరి గీత) దగ్గర నుంచి కొట్టే బంతి నెట్‌కు ఒక మీటరు పైనుంచి వెళ్లాలి. కొత్తవాళ్లు నెట్ అంచును గురి చూస్తారు. నెట్ మీద ఇంకొక నెట్ ఉందనుకుని దాని పైనుంచి కొట్టండి.

3. గ్రిప్: ముందే సరిచేసుకోవాల్సింది

పిడికి ఎనిమిది పలకలుంటాయి. రాకెట్ అంచు నేలను చూసేలా, అంటే ముఖం నిటారుగా ఉండేలా పట్టుకోండి. పైన ఉన్న పలక ఒకటి. అక్కడి నుంచి కుడివైపుకు దిగుతూ రెండు, మూడు, నాలుగు అని లెక్కపెట్టండి. చూపుడు వేలి మొదటి కణుపు, అంటే వేలు అరచేతిని కలిసే చోటి కణుపు, ఏ పలక మీద ఆనుతుందో అదే మీ గ్రిప్.

- రెండో పలక: కాంటినెంటల్. సర్వ్, వాలీ (బంతి నేల తాకకముందే కొట్టేది), స్మాష్ (తల పైనుంచి బలంగా దించేది), స్లైస్ (బంతిని కోసినట్టు కొట్టేది) అన్నిటికీ ఇదే. సుత్తి పట్టుకున్నట్టు ఉంటుంది.
- మూడో పలక: ఈస్టర్న్ ఫోర్‌హ్యాండ్. మొదలుపెట్టడానికి హాయైనది.
- నాలుగో పలక: సెమీ వెస్టర్న్. టాప్‌స్పిన్ (బంతి ముందుకు దొర్లుతూ వెళ్లే తిరుగుడు) సులువుగా వస్తుంది. ఇప్పటి ఆటలో ఎక్కువగా కనిపించేది.
- రెండు చేతుల బ్యాక్‌హ్యాండ్ (రాకెట్ చేతికి అవతలి వైపు నుంచి కొట్టే షాట్): కుడిచెయ్యి రెండో పలక మీద, దానికి పైన ఎడమచెయ్యి తన సొంత ఫోర్‌హ్యాండ్ పట్టుతో.
- ఒంటిచేతి బ్యాక్‌హ్యాండ్: ఒకటో పలక.

అన్ని షాట్లకూ ఒకే గ్రిప్ వాడటం కొత్తవాళ్లలో నేను అన్నిటికంటే ఎక్కువగా చూసే తప్పు. ముఖ్యంగా సర్వ్‌కు అట్లకాడ పట్టుకున్నట్టు ఫోర్‌హ్యాండ్ గ్రిప్ పట్టేస్తారు. మొదటి నెలలో బంతి బాగానే పడుతుంది కాబట్టి తప్పని తెలియదు. ఆ తర్వాత వేగం పెంచాలన్నా, స్పిన్ పెట్టాలన్నా దారి మూసుకుపోతుంది.

గ్రిప్ మార్చేది కుడిచెయ్యి కాదు, ఎడమచెయ్యి. రాకెట్ మెడను ఎడమచేత్తో పట్టుకుని తిప్పండి, కుడిచేతిని వదులుగా ఉంచండి. ఇంట్లో కూర్చుని చూడకుండా రోజుకు యాభైసార్లు మార్చండి: ఫోర్‌హ్యాండ్, బ్యాక్‌హ్యాండ్, కాంటినెంటల్. రెండు వారాల్లో వేళ్లే వెతుక్కుంటాయి.

ఎంత గట్టిగా పట్టుకోవాలి? ప్రాణం పెట్టి బిగించడం పది అనుకుంటే, బంతి కోసం ఎదురుచూసేటప్పుడు మూడు చాలు. తగిలే క్షణంలో చెయ్యి తనంతట తానే బిగుస్తుంది.

4. ఆ ఒక్క సెకను: స్ప్లిట్ స్టెప్, భుజాల మలుపు

ఈ భాగాన్ని దాటేసి ఫోర్‌హ్యాండ్‌కు వెళ్లకండి.

కొన్నేళ్ల కిందట నా ఫోర్‌హ్యాండ్ ఎప్పుడూ ఆలస్యంగా తగిలేది. చెయ్యి నెమ్మది అనుకుని నెలల తరబడి స్వింగ్ మీదే పనిచేశాను. ఒకరోజు ఫోన్‌ను పక్కన కంచెకు ఆనించి ఇరవై ఫోర్‌హ్యాండ్లు రికార్డు చేసి, ఒక్కో ఫ్రేమూ ఆపి చూశాను. బంతి నా వైపు నేలను తాకిన ఫ్రేములో రాకెట్ ఇంకా పొట్ట ముందే ఉంది. ఇరవైలో పదిహేడుసార్లు అంతే. చెయ్యి నెమ్మది కాదు, ఆలస్యంగా బయల్దేరుతోంది. ఆ రోజు నుంచి స్వింగ్‌ను వదిలేసి కింది వరసను పట్టుకున్నాను. ఆరు వారాల్లో తేడా తెలిసింది.

వరస ఇది:

మొదటిది, సిద్ధంగా నిలబడటం. పాదాలు భుజాల కంటే కాస్త వెడల్పుగా, మోకాళ్లు కొంచెం వంచి, బరువు మునివేళ్ల వైపు. రాకెట్ ఛాతీ ముందు, ఎడమచెయ్యి దాని మెడ మీద.

రెండోది, చిన్న దూకు. ఎదుటివాళ్ల రాకెట్ బంతి మీదికి వస్తుండగా నేలను వదలండి, బంతి తగిలిన వెంటనే దిగండి. ఎత్తు రెండు మూడు సెంటీమీటర్లు చాలు. దిగేటప్పుడు మోకాళ్లు స్ప్రింగులా ముడుచుకుంటాయి, ఆ ఊపుతోనే ఏ పక్కకైనా తోసుకోవచ్చు. ఇదే స్ప్లిట్ స్టెప్. పాదాలు అంటుకుపోయి నిలబడ్డవాళ్లకు మొదటి అడుగు వేయడానికే సమయం అయిపోతుంది.

మూడోది, భుజాల మలుపు. బంతి ఎటు వస్తోందో తెలిసిన క్షణమే భుజాలు, నడుము కలిపి పక్కకు తిప్పండి. చేతిని వెనక్కి లాగకండి. ఎడమచెయ్యి రాకెట్ మెడ మీదే ఉంటే, ఒళ్లు తిరగడంతోనే రాకెట్ వెనక్కి వెళ్తుంది. ఈ మలుపు బంతి నెట్ దాటకముందే జరిగిపోవాలి.

నాలుగోది, అడుగులు. దూరంలో పెద్దవి, బంతి దగ్గరపడే కొద్దీ చిన్నవి. చివరి మూడు నాలుగు చిన్న అడుగులే దూరాన్ని సరిచేస్తాయి.

ఐదోది, తిరిగి రావడం. కొట్టి నిలబడి చూడకండి. ఎదుటివాళ్లు కొట్టేలోపు మళ్లీ దూకడానికి సిద్ధంగా ఉండాలి. సరిగ్గా మధ్య గుర్తు దగ్గరికే రావాలని లేదు. మీరు క్రాస్‌కోర్ట్ కొడితే, మధ్యకు కాస్త ఇవతలే, మీరు ఎక్కడి నుంచి కొట్టారో ఆ వైపునే ఆగవచ్చు.

దీనికి నేను వాడే సాధన ఒకటుంది. ర్యాలీ (బంతిని ఆపకుండా అటూ ఇటూ కొట్టుకోవడం) ఆడుతూ, భుజాలు తిరగడం పూర్తయిన క్షణంలో "తిరిగా" అని గట్టిగా అనండి. బంతి అప్పటికి ఎక్కడుందో అవతలివాళ్లను చూడమనండి. మీ మాట వినపడేసరికి బంతి నెట్ అవతలే ఉంటే మీరు సమయానికి ఉన్నట్టు. నెట్ దాటాక వినపడితే ఆలస్యం. నోటితో అనడం మొదట ఇబ్బందిగా ఉంటుంది, కానీ లోపల అనుకోవడంలో మనల్ని మనం సులువుగా మోసం చేసుకుంటాం.

5. ఫోర్‌హ్యాండ్: చివరి నుంచి మొదటికి

ఫోర్‌హ్యాండ్‌ను వెనక నుంచి కట్టుకుంటూ రావడం మంచిది. ముందు బంతి తగలాల్సిన చోటు నేర్చుకోండి, తర్వాత అక్కడికి వచ్చే దారి.

మెట్టు 1. సర్వీస్ లైన్ (నెట్‌కూ బేస్‌లైన్‌కూ మధ్య ఉన్న అడ్డగీత) దగ్గర పక్కకు తిరిగి నిలబడండి. రాకెట్‌ను ముందు కాలికి ఒక అడుగు ముందు, నడుము ఎత్తులో, ముఖం నెట్‌ను చూసేలా ఆపండి. మోచేయి ఒంటికి అతుక్కోకూడదు, పూర్తిగా చాచుకోకూడదు. బంతి తగలాల్సింది ఇక్కడే.

మెట్టు 2. బంతిని ఎడమచేత్తో ఆ చోట వదిలి, అది లేచాక రాకెట్‌తో మెల్లగా నెట్ దాటించండి. వెనక్కి ఊపు వద్దు. ముప్పైలో ఇరవై ఐదు పడేదాకా ఇదే.

మెట్టు 3. భుజాల మలుపు కలపండి. రాకెట్ తల బంతి కంటే కిందికి దిగి, అక్కడి నుంచి పైకి, ముందుకు రావాలి. కింద నుంచి పైకి నిమిరినప్పుడే టాప్‌స్పిన్ వస్తుంది. అలా ముందుకు దొర్లుతూ వెళ్లే బంతిని గాలి కిందికి నొక్కుతుంది, అందుకే నెట్‌కు ఎత్తుగా వెళ్లినా లోపలే పడుతుంది. మణికట్టును బంతి మీదుగా తిప్పితే టాప్‌స్పిన్ వస్తుందనుకోవడం భ్రమ. తగిలే సమయంలో ముఖం దాదాపు నిటారుగానే ఉంటుంది.

మెట్టు 4. కొట్టాక రాకెట్ ఎడమ భుజం వైపు వెళ్లనివ్వండి. మధ్యలో ఆపితే అదురు మోచేతికి చేరుతుంది.

మెట్టు 5. ఇప్పుడు ఒక్కో అడుగు వెనక్కి జరుగుతూ బేస్‌లైన్ చేరండి. పదికి ఏడు పడకపోతే మళ్లీ రెండడుగులు ముందుకు రండి.

తల కదపకపోవడం కూడా నేర్చుకోవాల్సిందే. రోజర్ ఫెదరర్ ఆడుతున్నప్పటి ఫొటోలు చూడండి: బంతి వెళ్లిపోయాక కూడా కళ్లు తగిలిన చోటే ఉంటాయి. బంతి ఎక్కడ పడిందో చూడాలనే ఆత్రంతో తల ముందే ఎత్తితే భుజం తెరుచుకుంటుంది, బంతి రాకెట్ అంచుకు తగులుతుంది.

6. బ్యాక్‌హ్యాండ్

కొత్తగా నేర్చుకునేవాళ్లలో ఎక్కువమందికి రెండు చేతులదే మేలు. ఎత్తు బంతులకూ, ఆలస్యమైనప్పుడూ అది ఆదుకుంటుంది. ఒంటిచేతిది చూడటానికి ఎంతో బాగుంటుంది గానీ, బంతి ఇంకా ముందుగా తగలాలి, భుజంలో బలం కావాలి.

రెండు చేతుల బ్యాక్‌హ్యాండ్‌లో పనిచేసేది ఎడమచెయ్యి. దీన్ని ఎడమచేతి ఫోర్‌హ్యాండ్ అనుకోండి. కుడిచెయ్యి తీసేసి, పిడి పైభాగాన ఎడమచేత్తో మాత్రమే పట్టుకుని సర్వీస్ లైన్ దగ్గర రోజుకు ఇరవై కొట్టండి. అది కుదిరాక కుడిచెయ్యి కలిపితే షాట్ దానంతటదే వస్తుంది. కుదరనివాళ్లు ఎడమచేతిని ఊరికే ఆనించి, అంతా కుడిచేత్తోనే లాగుతుంటారు.

మలుపు ఇక్కడ ఇంకాస్త ఎక్కువ కావాలి. కుడి భుజం నెట్ వైపు చూస్తూ, గడ్డం దాదాపు ఆ భుజం మీద ఆనాలి.

7. సర్వ్: సెకను మొత్తం మీదే

మిగతా ప్రతి షాట్‌లోనూ సమయం ఎదుటివాళ్ల చేతిలో ఉంటుంది. సర్వ్‌లో బంతి మీ చేతిలో ఉంది, ఎప్పుడు కొట్టాలో మీ ఇష్టం. అయినా కొత్తవాళ్లకు ఇదే కష్టం, ఎందుకంటే ఇక్కడ తొందరపడేది మనమే. నెమ్మదిగా, ముక్కలుగా కట్టుకుందాం.

నిలబడటం. ఎడమ పాదం బేస్‌లైన్ వెనక, దాని వేళ్లు కుడిపక్క నెట్ స్తంభాన్ని చూసేలా. కుడి పాదం లైన్‌కు దాదాపు సమాంతరంగా. బంతి కొట్టేలోపు లైన్‌ను తొక్కితే ఫుట్ ఫాల్ట్, కాబట్టి నాలుగు వేళ్ల సందు వదలండి.

టాస్. సర్వ్ కష్టాల్లో ఎక్కువ భాగం ఇక్కడివే. బంతిని అరచేతిలో కాకుండా వేళ్ల కొసలతో, గాజు గ్లాసు పట్టుకున్నంత సుతారంగా పట్టుకోండి. మోచేయి, మణికట్టు వంచకుండా చేతిని భుజం నుంచి పైకెత్తి, ఎత్తైన అలమరలో పెడుతున్నట్టు కంటి ఎత్తు దాటాక వదలండి. బంతి గిర్రున తిరగకుండా పైకి వెళ్లాలి. రాకెట్ చాచితే అందే ఎత్తు కంటే కొంచెం పైకి వెళ్తే చాలు.

ఎక్కడ వేయాలి? తల మీద గడియారం ఉందనుకుంటే ఒంటిగంట దగ్గర, లైన్‌కు ఒకటిన్నర అడుగు లోపలికి. పరీక్ష ఇది: పిడి ఎడమ పాదం దగ్గర, తల కోర్టులోకి ఉండేలా రాకెట్‌ను నేల మీద పెట్టండి. టాస్ వేసి బంతిని కింద పడనివ్వండి. రాకెట్ తల మీదో, దాని చుట్టుపక్కలో పడాలి. రోజుకు ముప్పై, బంతి కొట్టకుండా.

మ్యాచ్‌లో టాస్ చెడితే కొట్టకండి, పట్టుకుని మళ్లీ వేయండి. నియమాల ప్రకారం అది తప్పు కాదు. రాకెట్ ఊపి బంతికి తగిలించలేకపోతేనే ఫాల్ట్.

విసరడం. సర్వ్ కదలిక చెట్టు మీదికి రాయి విసిరినట్టు ఉంటుంది. రాకెట్ లేకుండా, బేస్‌లైన్ నుంచి పాత బంతులను ఎదుటి సర్వీస్ బాక్సులోకి (సర్వ్ పడాల్సిన గడిలోకి), నెట్‌కు ఎత్తుగా విసరండి. మోచేయి ముందు వస్తుంది, చెయ్యి వెనక నుంచి కొరడాలా వస్తుంది. ఆ భావాన్ని గుర్తుపెట్టుకోండి.

కలపడం. ఇప్పుడు కాంటినెంటల్ గ్రిప్‌తో రాకెట్ పట్టుకోండి. ఎడమచెయ్యి పైకి చాచి, కుడి మోచేయి భుజం ఎత్తులో వంచి ఆగండి. టాస్ పడుతుండగా రాకెట్ వీపు వెనక్కి జారుతుంది, అక్కడి నుంచి అంచు ముందుగా బంతి వైపు లేస్తుంది. చివరి క్షణంలో ముంజేయి బయటికి తిరిగి ముఖం తెరుచుకుంటుంది. కొట్టాక అరచేయి కుడిపక్కకు చూస్తుంది. వేగం అక్కడి నుంచే వస్తుంది. చెయ్యి పూర్తిగా చాచినప్పుడే తగలాలి.

సర్వీస్ లైన్ నుంచి మొదలుపెట్టండి. పదికి ఏడు పడితే సగం దూరం వెనక్కి, అక్కడా పడితే బేస్‌లైన్‌కు. కాంటినెంటల్‌కు మారిన మొదటి రెండు వారాలు బంతులు ఎడమవైపుకు జారుతుంటాయి. దాంతో చాలామంది పాత గ్రిప్‌కు తిరిగిపోతారు. దయచేసి ఆగండి, ముంజేయి తిరగడం అలవాటైతే అది సర్దుకుంటుంది.

రెండో సర్వ్. మొదటిది ఫాల్ట్ అయితే దొరికే రెండో సర్వ్ అనగానే చెయ్యి నెమ్మదించడం అన్నిటికంటే చేటు. నెమ్మది చేస్తే స్పిన్ పోతుంది, స్పిన్ పోతే బంతిని కిందికి దించేది ఏదీ ఉండదు. చెయ్యి అంతే వేగంగా రావాలి, కానీ దారి మారాలి. టాస్ కాస్త ఎడమకు, తల మీదికి పడాలి. బంతి మీద గడియారం ముఖం ఊహించుకుని ఏడు నుంచి ఒంటిగంట వైపు నిమరండి. సాధనకు సర్వీస్ లైన్ దగ్గర తువ్వాలు పరిచి మోకాళ్ల మీద నిలబడి సర్వ్ చేయండి. అంత కింద నుంచి నెట్ దాటించాలంటే పైకి నిమరక తప్పదు.

ప్రతి సర్వ్‌కు ముందు:
- గ్రిప్ చూసుకున్నానా
- బంతి ఎక్కడ పడాలో ఒక చోటు ఎంచుకున్నానా
- ఒక్క ఊపిరి బయటికి వదిలానా
- టాస్ బాగుంటేనే కొడతానని అనుకున్నానా

మొదటి సర్వ్ పదికి ఆరు లోపల పడితే మంచి ఆటే. అంతకంటే తక్కువైతే బలం తగ్గించండి.

8. రిటర్న్, వాలీ, స్మాష్

రిటర్న్‌లో, అంటే ఎదుటివాళ్ల సర్వ్‌ను తిప్పికొట్టేటప్పుడు, వెనక్కి ఊపు సగానికి తగ్గించండి. వేగం ఎదుటివాళ్లే ఇచ్చారు, మీరు భుజం తిప్పి అడ్డుపెడితే చాలు. స్ప్లిట్ స్టెప్ ఇక్కడ మరీ ముఖ్యం. గురి: నడుమ, లోతుగా (బేస్‌లైన్‌కు దగ్గరగా).

వాలీకి ఊపే లేదు. కాంటినెంటల్ గ్రిప్, రాకెట్ తల మణికట్టుకు పైన, బంతి వచ్చిన వైపుకు అవతలి కాలితో అడుగు వేసి తలుపు తట్టినట్టు చిన్న తట్టు. రాకెట్ మీ కళ్లకు ఎప్పుడూ కనిపిస్తుండాలి, కనిపించలేదంటే వెనక్కి పోయినట్టే.

స్మాష్‌కు ముందు పక్కకు తిరగండి, ఎడమచేత్తో బంతిని చూపించండి, చిన్న అడుగులతో దాని కిందికి చేరండి. నేరుగా వెనక్కి నడవకండి, కిందపడేది అలాగే.

9. తప్పు ఎక్కడ కనిపిస్తుంది, ఎక్కడ పుడుతుంది

- బంతి నెట్‌కు పోతోంది: రాకెట్ బంతి కిందికి దిగడం లేదు. మోకాళ్లు వంచండి, నెట్ పైన ఒక మీటరు గురి చూడండి.
- బంతి బయటికి పోతోంది: బలం ఎక్కువ కావడం కాదు, ముఖం పైకి తెరుచుకుని ఉండటం కారణం. బంతి వెనకగా తగులుతోందేమో చూడండి.
- రాకెట్ అంచుకు తగులుతోంది: తల ముందే ఎత్తుతున్నారు, లేదా చివరి చిన్న అడుగులు వేయడం లేదు.
- ఫోర్‌హ్యాండ్ ఎప్పుడూ కుడివైపుకే పోతోంది: ఆలస్యం. భుజాల మలుపును ముందుకు జరపండి.
- సర్వ్ నెట్‌లో పడుతోంది: టాస్ మరీ ముందుకు పడుతోంది, లేదా ఎడమచెయ్యి త్వరగా దిగిపోయి ఒళ్లు ముందుకు కూలుతోంది.
- సర్వ్ పొడవుగా పోతోంది: టాస్ తల వెనక పడుతోంది.
- వాలీ బయటికి పోతోంది: ఊపుతున్నారు. గోడకు వీపు ఆనించి వాలీ కదలిక చేసి చూడండి, రాకెట్ గోడకు తగలకూడదు.

ఒక రోజుకు ఒక్క తప్పునే పట్టుకోండి. మూడింటిని ఒకేసారి దిద్దబోతే ఏదీ నిలవదు.

10. వారం ప్రణాళిక

వారానికి మూడు రోజులు ఆడగలిగితే ఇలా పంచుకోండి.

మొదటి రోజు, సాధన. సర్వీస్ బాక్సుల మధ్య పది నిమిషాలు మెల్లగా ర్యాలీ. తర్వాత ఇరవై నిమిషాలు ఫోర్‌హ్యాండ్ క్రాస్‌కోర్ట్, ఇరవై నిమిషాలు బ్యాక్‌హ్యాండ్ క్రాస్‌కోర్ట్, చివర సర్వ్. ర్యాలీలో బంతులు లెక్కపెట్టండి. పది దాటితే ఇరవై, ఇరవై దాటితే అన్నీ సర్వీస్ లైన్‌కు అవతలే పడాలనే షరతు పెట్టుకోండి.

రెండో రోజు, ఒంటరిగా. గోడ దొరికితే మంచిది. గోడ బంతిని త్వరగా తిప్పి పంపుతుంది కాబట్టి రెండో బౌన్స్‌లో కొట్టండి, లేకపోతే మలుపు మానేసే అలవాటు పడుతుంది. తర్వాత ఒక బుట్ట సర్వ్‌లు.

మూడో రోజు, పాయింట్లు. ఆట ఆడకుండా సాధనే చేసేవాళ్లు మ్యాచ్‌లో బిగుసుకుపోతారు. ఆటే ఆడుతూ సాధన మానేసేవాళ్లు పాత తప్పులనే గట్టిపరచుకుంటారు.

నెలకు ఒకసారి ఫోన్‌లో పక్క నుంచి, వెనక నుంచి రికార్డు చేయండి. బంతి మీ వైపు నేల తాకిన ఫ్రేములో రాకెట్ ఎక్కడుందో ముందు చూడండి. మిగతావి తర్వాత.

మోచేయి గురించి ఒక హెచ్చరిక. మోచేతి బయటి పక్క నొప్పి మొదలైతే దాన్ని తొక్కిపెట్టి ఆడకండి. బిగుసు గ్రిప్, ఆలస్యంగా తగిలే బ్యాక్‌హ్యాండ్, గట్టి స్ట్రింగ్స్, తడిసి బరువెక్కిన బంతులు దీనికి మామూలు కారణాలు. ఆట తగ్గించి కారణాన్ని సరిచేయండి, రెండు వారాల్లో తగ్గకపోతే డాక్టరుకు చూపించండి.

11. మొదటి మ్యాచ్

స్కోరు 15, 30, 40, గేమ్. 40 దగ్గర ఇద్దరూ సమానమైతే డ్యూస్, అక్కడి నుంచి వరసగా రెండు పాయింట్లు గెలవాలి. రెండు గేముల తేడాతో ఆరు గేములు గెలిస్తే సెట్. 6-6 అయితే టైబ్రేక్: రెండు పాయింట్ల తేడాతో ఏడు. టైబ్రేక్‌లో మొదటివాళ్లు ఒక్క సర్వ్ చేస్తారు, ఆ తర్వాత ఒక్కొక్కరు రెండేసి. ప్రతి ఆరు పాయింట్లకు వైపులు మారాలి.

అంపైర్ లేని మ్యాచ్‌లో మీ వైపు పడిన బంతిని మీరే చెప్పాలి. లైన్‌కు కొసైనా తగిలితే లోపలే. బయట పడినట్టు స్పష్టంగా కనపడకపోతే లోపలే పడిందనుకోవాలి. ఈ విషయంలో పిసరంత కూడా రాజీ పడకండి.

వ్యూహం మొదట్లో చాలా సాదాగా ఉండాలి. సర్వ్ లోపల పడేయండి. రిటర్న్‌ను నడుమ లోతుగా వేయండి. ర్యాలీలో క్రాస్‌కోర్ట్, నెట్‌కు ఎత్తుగా. బంతి పొట్టిగా, అంటే నెట్‌కు దగ్గరగా పడినప్పుడే తిన్నగా కొట్టి ముందుకు వెళ్లండి. ఈ స్థాయిలో అద్భుతమైన షాట్లతో వచ్చే పాయింట్ల కంటే ఎదుటివాళ్ల తప్పులతో వచ్చేవే ఎక్కువ, ఇంకొక్క బంతి వెనక్కి పంపేవాళ్లకే అవి దక్కుతాయి.

పాయింటుకూ పాయింటుకూ మధ్య 25 సెకన్లుంటాయి. పాయింటు పోగానే లైన్ దగ్గరికి పరిగెత్తకండి. వెనక్కి తిరిగి నాలుగడుగులు నడవండి, రాకెట్‌ను ఎడమచేతిలోకి మార్చి కుడిచేతి వేళ్లు వదులు చేయండి, తర్వాత రండి.

బేసి సంఖ్య గేములు అయినప్పుడల్లా వైపులు మారతారు. సెట్‌లో మొదటి గేమ్ తర్వాత కూర్చోవడానికి ఉండదు, మిగతాసార్లు 90 సెకన్లు దొరుకుతాయి. నీళ్లు తాగి, ఒక్క ప్రశ్న వేసుకోండి: గత రెండు గేముల్లో ఎదుటివాళ్లు కొట్టినప్పుడల్లా నేను దూకానా? అలసట వస్తే అన్నిటికంటే ముందు ఆగిపోయేది ఆ చిన్న దూకే. ఆగిపోయిందని తెలిస్తే తర్వాతి గేమ్‌లో స్కోరు పక్కనపెట్టి దాన్నొక్కదాన్నే చూసుకోండి.